వెండి కాగితం కెప్టెన్

వెండి రంగు కాగితం ఒంటికి చుట్టుకున్న మనిషిని చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. పాత ఇంగ్లీషు సినిమాల్లో ఆకాశంలోకి పోయేవాళ్లందరూ అట్లాగే ఉంటారు. నెత్తిమీద గాజు బుడ్డి, నడుముకు జానెడు వెడల్పు బెల్టు, చేతిలో హోలీ పిచికారీ లాంటి తుపాకీ. వాళ్ల ఓడలో గోడ నిండా బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. ఎందుకు వెలుగుతున్నాయో ఆ కెప్టెన్‌కూ తెలియదు, సినిమా తీసినవాడికీ తెలియదు. అంత దూరం పోయి దిగిన గ్రహం మీద అట్టముక్కల కొండలు. కొండ చాటునుంచి వచ్చే రాక్షసుడి వీపు మీద జిప్పు. ఓడలో ఒక ఆడమనిషి ఉంటే ఆమె పొట్టి గౌను వేసుకుని కెప్టెన్‌కు కాఫీ అందిస్తుంది. భూమిని వదిలి ఎన్ని కోట్ల మైళ్లు పోయినా పాపం ఆమెకు కాఫీ పెట్టే పని తప్పలేదు.

ఇప్పుడు ఇదంతా ఫ్యాషనట. నేను జగిత్యాలలో పిల్లలకు తెలుగు చెబుతాను, సాయంత్రం బస్సెక్కి కోరుట్లలో ఇంటికి వస్తాను. బస్టాండు దగ్గర కొత్తగా ఒక కాఫీ కొట్టు పెట్టారు. దాని గోడ నిండా ఈ వెండి మనుషులే, వాళ్ల నెత్తిమీద ఒక ఎగిరే పళ్లెం. ఆ గోడ ముందు నిలబడి పిల్లగాళ్లు సెల్ఫీలు దిగుతుంటారు. వాళ్లకు ఆ బొమ్మంటే భక్తి లేదు, భయం లేదు, కనీసం ఇష్టమైనా లేదు. ఎంత అధ్వాన్నంగా ఉందో చూడు అని మురిసిపోవడమే వాళ్ల సంతోషం. నచ్చినదాన్ని మెచ్చుకోవడం మాకు తెలుసు, నచ్చనిదాన్ని తిట్టడం తెలుసు. నచ్చనిదాన్ని చొక్కా మీద అచ్చు వేయించుకుని ఊరేగే తెలివి మాత్రం మా కాలంలో ఎవరికీ లేదు.

నా ఖర్మ ఏమిటంటే, నాకు దొరికిన మొగుడు ఈ సినిమాల్ని నిజంగానే ప్రేమించే మనిషి. ఎగతాళికి కాదు, నిజంగానే.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా నాయన సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. పెళ్లైన కొత్తలో అల్లుడు వస్తే పెళ్లాన్నీ మరదళ్లనూ సినిమాకు తీసుకుపోవడం మా దగ్గర రివాజు. ఊళ్లో మంచి ఏడుపు సినిమా ఒకటి ఆడుతుండగా, దాన్ని వదిలేసి ఈయన మమ్మల్ని తెలుగులో మాట్లాడే ఇంగ్లీషు ఆకాశ సినిమాకు తీసుకుపోయాడు. మా చెల్లెళ్లు మూతులు ముడుచుకుని కూర్చున్నారు. ఓడ తెర మీదికి వచ్చింది. నేను పుట్టి పెరిగింది దారాల మధ్య. సాంచె మీద ఒక పోగు తెగితే గడప దగ్గరినుంచే కనిపెట్టే కళ్లు మా ఇంట్లో అందరివీ. ఆ ఓడను వేలాడదీసిన దారం నాకు ఓడకంటే ముందు కనబడింది.

"దారం కనవడుతున్నది," అన్నాను.

"సప్పుడు జెయ్యకు. గది సుక్కల నడుమకెళ్లి పోతున్నది," అన్నాడు రెప్ప వేయకుండా.

ఈ మనిషితో కాపురం ఎట్లారా దేవుడా అని ఆ రోజే అనుకున్నాను. కాపురానికి పెద్ద ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆయన చాలామటుకు ఇంట్లో లేడు. గల్ఫ్ పోయాడు. అక్కడ ఆయన పని ఏసీ గొట్టాలు బిగించడం. పెద్ద పెద్ద మేడల పైకప్పుల్లో పోయే ఆ గొట్టాలకు వెండి రేకు చుట్టి, వెండి టేపు అంటించాలి. సినిమాల్లో చూసిన కాగితమే బతుకు తెరువైంది. రూంలో సెలవు పూట తోటివాళ్లు కొట్లాటల సినిమా పెట్టమంటే, వాళ్లను బతిమాలి ఆకాశ సినిమా పెట్టించేవాడట. ఫోన్ చేసినప్పుడు ఆ కథలన్నీ నాకు చెప్పేవాడు. నేను పిల్లల కాపీలు దిద్దుకుంటూ ఊఁ కొట్టేదాన్ని.

మోకాళ్లు పట్టేశాక పూర్తిగా వచ్చేశాడు. వచ్చినప్పుడు ఇల్లు కొన్నాళ్లు సందడిగా ఉంది. తర్వాత ఎవరి పని వాళ్లది. ఆయన ఈడువాళ్ల దగ్గర కూర్చుంటే వాళ్ల ముచ్చట్లన్నీ ఆయన లేని ఏళ్లవి. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారు, ఏ ఎన్నికల్లో ఎవరు ఎటు దూకారు, ఏ వరదకు ఎవరి గోడ కూలింది. అన్నింటికీ తలూపి ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు కిరాణా కొట్లో కొత్త పిల్లవాడు "నువ్వు ఏ ఊరోనివే పెద్దమనిషీ" అని అడిగాడట. పుట్టిన వాడలో.

"ఈడ నన్నెవలు గుర్తువడుతలేరే," అన్నాడు ఆ రోజు. అన్నం సగం తిని లేచాడు.

ఆ దినాల్లోనే మా అక్క కొడుకు సిరిసిల్లనుంచి వచ్చాడు. వాడు యూట్యూబ్‌లో చిన్న చిన్న సినిమాలు తీసి పెడతాడు. మా వైపు ఇప్పుడు ప్రతి గల్లీకి ఒక డైరెక్టరు. వాడి చొక్కా మీద ఎగిరే పళ్లెం ఉంది. మా ఆయన దాన్ని చూశాడు, ఇంకేముంది. ఆ పళ్లెం ఎట్లా దిగుతుందో, తలుపు ఎట్లా తెరుచుకుంటుందో, లోపలినుంచి ఎవరు వస్తారో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. కూర్చున్న చోటే కెప్టెన్ అయిపోయి గొంతు మార్చి మాట్లాడాడు. మా అక్క కొడుకు కళ్లు మెరిశాయి. కోతికి కొబ్బరికాయ దొరికింది.

"చిన్నాయనా, గిసొంటి సిన్మానే నేను తీస్త. నువ్వే కెప్టెన్," అన్నాడు.

అంతే, మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది. మోటారు పీకేసిన, మనిషి దూరేంత పెద్ద పాత కూలరు ఆకాశ ఓడ అయింది. మా ఆయన దాని ఇనుప డబ్బాకు వెండి రేకు అంటించాడు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మూతి కోసి నెత్తికి పెట్టుకునే బుడ్డి చేశాడు. నా ఇడ్లీ పళ్లాలు ఓడలోపలి గోడకు మీటర్లయ్యాయి, దీపావళి సీరియల్ బల్బులు వాటి చుట్టూ తిరిగాయి. ఒక పూట ఇడ్లీ పెడదామని వెతికితే పళ్లాల మీద ఎర్ర రంగుతో ముళ్లు గీసి ఉన్నాయి. పక్కింటామె మా అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తుంది, వాళ్లాయన ఇంకా గల్ఫ్‌లోనే, మా ఆయన ఉండి వచ్చిన రూంలోనే ఉన్నాడు. ఆమె ఆ కూలరును చూసి నవ్వి నవ్వి చాటలోని తంబాకు ఒలకబోసుకుంది.

మా అక్క కొడుకు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"చిన్నమ్మా, గిది కామెడీ అని చిన్నాయనకు చెప్పకు. గాయన సీరియస్‌గ చేస్తెనే నవ్వస్తది. గట్ల నమ్మి చేసెటోళ్లు ఎంత వెతికినా దొరకరు."

"అంటె నా మొగన్ని నలుగుట్ల నవ్వులపాలు జేస్తవు."

"నవ్వులపాలు కాదు చిన్నమ్మా, కల్ట్ అయితడు."

కల్ట్ అంటే ఏమిటో వాడు చాలాసేపు చెప్పాడు. ఎంత చెప్పినా నాకు అర్థమైంది నవ్వులపాలు అనే. వాడి మీద నాకు అసహ్యం పుట్టింది. వెండి కాగితం చుట్టుకున్నవాడు పిచ్చివాడైతే కావచ్చు, కానీ వాడిని చూసి నవ్వడానికి కాగితం కొనిచ్చేవాడు పిచ్చివాడు కాదు, నీచుడు.

ఆ పూటే మా ఆయనకు చెప్పేశాను. వాడు నిన్ను చూసి నవ్వుకోవడానికి తీస్తున్నాడని తేటతెల్లంగా చెప్పాను. ఆయన క్యాను అంచులు గరుకు కాగితంతో రుద్దుతున్నాడు, చెవి కోసుకుపోకుండా.

"నీకు మొదటిసంది గీ సిన్మాలంటె పడది," అన్నాడు తల ఎత్తకుండా. "నలుగురు చూస్తరు. ఫలానాయన అని గుర్తువడుతరు. గంత చాలు నాకు."

ఇన్నేళ్లు ఆ సినిమాల మీద నేను పోసిన తిట్లన్నీ ఒకెత్తు, ఇప్పుడు చెప్పిన ఒక్క నిజం ఒకెత్తు. రెంటికీ తేడా ఆయనకు తెలియలేదు. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచి, ఆ ముఖంలో వెలుగు చూసి ఊరుకున్నాను. ఊళ్లో పేరు కోసం వెళ్తున్న మనిషి పరువు పోగొట్టుకుని వస్తాడని నాకు గట్టిగా అనిపించింది.

షూటింగు వీర్నపల్లి వైపు గుట్టల్లో పెట్టారు. చెట్టూ చేమా లేని బండలు, అంగారక గ్రహానికి సరిగ్గా సరిపోతాయట. కూలరును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పోయారు. మంచి ఎండ. మా ఆయన మెడనుంచి మడమలదాకా వెండి రేకు. లోపల చెమట కారి బూట్లలోకి దిగుతోంది. క్యాను లోపల ఊపిరికి ఆవిరి పట్టి ముఖం కనబడటం లేదు. ఒక్కో డైలాగుకు ఒకసారి దాన్ని తీసి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. నేను మజ్జిగ క్యాను పట్టుకుని పోయాను, ఎండదెబ్బ తగిలి పడిపోతే పెళ్లాన్ని నేనే కదా. కెమెరా వెనక పిల్లగాళ్లు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుతో ఊగిపోతున్నారు. వాళ్లలో ఒకడికైనా ఆ రేకు చుట్టడం చేతనవుతుందా అంటే కాదు.

కెప్టెన్ భూమిని విడిచి పోయే సీను వచ్చింది. "మానవజాతి కోసం పోతున్న" అని చెయ్యెత్తి కూలరులోకి ఎక్కాలి. మా ఆయన ఓడ ముందు నిలబడ్డాడు, కానీ ఎక్కడు.

"ఏమైంది చిన్నాయనా?"

"ఎదురెవలు అస్తరు?"

పిల్లగాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా దగ్గర మనిషి దూరం పోయేటప్పుడు గడప దాటగానే ముత్తైదువ నీళ్లు పట్టుకుని ఎదురు రావాలి. గల్ఫ్ పోయేవాళ్ల ఇళ్లల్లో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. ఎదురు వచ్చిన మనిషిని చూసుకుని పోవాలి, ఇక వెనక్కి తిరగకూడదు. ఎదురు మంచిదైతే పోయినవాడు తిరిగి వస్తాడని నమ్మకం. ఆయన సెలవుకు వచ్చి పోయిన ప్రతిసారీ నేనే ఎదురు వచ్చాను. వీధి మలుపులో బిందెతో నిలబడి, ఆయన బ్యాగు భుజానికి వేసుకోగానే అటునుంచి ఇటు నడిచేదాన్ని. మాట్లాడకూడదు, ఏడవకూడదు. పక్కనుంచి దాటిపోయేటప్పుడు ఆయన చొక్కా నా మోచేతికి తగిలేది. ఆ పక్క కారు తలుపు పడిన చప్పుడు విన్నాకే నేను ఏడ్చేదాన్ని.

మా అక్క కొడుక్కు ఇదంతా పెద్ద కానుక దొరికినట్టయింది. రాకెట్ ఎక్కేవాడికి శకునం! "సూపర్ చిన్నాయనా, గది పెడుదాం. చిన్నమ్మా, నువ్వే రా," అన్నాడు. నేను రానంటే రాను అన్నాను. అప్పుడు మా ఆయన నెత్తిమీది క్యాను తీశాడు. తుడుచుకోవడానికి కాదు, నన్ను సరిగ్గా చూడటానికి.

"జెర ఎదురు రావే," అన్నాడు.

వచ్చాను. బడికి కట్టుకునే నేత చీరతో, చేతిలో మజ్జిగ క్యానుతో, ఒక కూలరు వైపునుంచి వెండి కాగితం మనిషి వైపు నడిచాను. ఆయన నటించలేదు. గల్ఫ్ పోయేనాడు ఏ ముఖంతో చూసేవాడో అదే ముఖం. దాటిపోతుంటే వెండి రేకు నా మోచేతికి గీసుకుంది, వేడిగా. మా అక్క కొడుకు వెనకనుంచి "చిన్నాయనా, ఒక్కపారి ఎనుకకు తిరిగి టాటా చెప్పు" అని అరిచాడు. ఆయన తిరగలేదు. మళ్లీ ఒకసారి తీద్దామంటే ఒప్పుకోలేదు. ఒకసారి ఎదురు వచ్చాక మళ్లీ ఎదురు రారు అన్నాడు. రుమాళ్ల వెనక నవ్వు అణచుకోలేక ఒకడు బండ చాటుకు పరిగెత్తాడు. వాడి వీపు మీద రెండు వేద్దామనిపించింది.

సినిమాను సిరిసిల్లలో ఒక సంఘం హాల్లో చూపించారు. తెలిసినవాళ్లందరినీ మా ఆయనే స్వయంగా పోయి పిలిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి బొమ్మకే నవ్వులు మొదలయ్యాయి. ఇడ్లీ పళ్లాలకు నవ్వారు, నీళ్ల క్యానుకు నవ్వారు, కూలరు పొగ వదిలితే కుర్చీలు కొట్టి నవ్వారు. నేను ఎదురు వచ్చే చోట మా అక్క కొడుకు కప్ప అరుపులాంటి చప్పుడు ఒకటి కలిపాడు. నా ఒక్కో అడుగుకు ఒక్కో కప్ప. హాలంతా గొల్లుమంది. మా ఆయన మొదట అటూ ఇటూ చూశాడు. తర్వాత, అందరికంటే కాస్త ఆలస్యంగా, ఆయనా నవ్వాడు. అరబ్బు యజమానులు తమలో తాము ఏదో అనుకుని నవ్వితే, భాష రాని పనివాళ్లు కూడా నవ్వుతారని ఆయనే ఎప్పుడో చెప్పాడు. నా పళ్లు పటపటలాడాయి. ఆ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది ఇళ్లనుంచి మనుషులు అట్లా పోలేదు? వాళ్ల ఆడవాళ్లు ఎదురు రాలేదా? ఆ నవ్విన మూతులన్నింటి మీదా నాకు ఉమ్మెయ్యాలనిపించింది.

మర్నాడు వాడు సినిమాను యూట్యూబ్‌లో పెట్టాడు. అప్పటినుంచి కోరుట్లలో ఆయన పేరు కెప్టెన్. కిరాణా కొట్టు పిల్లవాడు కూడా "ఏం కెప్టెన్ సాబ్, రాకెట్ ఏడ వెట్టినవు" అంటున్నాడు. ఈయన నవ్వుతూ ఏదో ఒక జవాబు చెబుతున్నాడు.

"నవ్వుతె నవ్విండ్రు. గుర్తువడుతున్నరు గద," అన్నాడు నాతో.

అట్లాంటి గుర్తింపు ఎందుకని అడగబోయి, అడగలేదు. అన్నం మటుకు పూర్తిగా తింటున్నాడు.

కొన్నాళ్లకు పక్కింటామె బీడీల చాట అరుగు మీద పెట్టి, కూర్చోకుండా అట్లాగే నిలబడింది. మా ఆయన లోపల ఉన్నాడు. పిలవమంది.

"అన్నా, మా ఆయన ఫోన్ చేసిండు. నీ సిన్మా వాళ్ల రూంల అందరు కూసొని చూసిండ్రట."

మా ఆయన ముఖం విప్పారింది. "నవ్విండ్రా?"

"కూలరుకు మస్తు నవ్విండ్రట. అక్క ఎదురచ్చే కాడికి అచ్చెవరకు, ఎవలో ఫోన్ గుంజుకొని బంద్ జేసిండట." ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. "గది తీసెయ్యమనున్రి అంటున్నరన్నా. గా ముచ్చట నవ్వెటోళ్లకు చూపెట్టేది కాదంటున్నరు."

మా ఆయన అరుగు మీద కూర్చున్నాడు. సిరిసిల్ల హాలు నవ్వితే కుంగని మనిషి ఇప్పుడు కుంగాడు. ఊరు ఆయన్ని మరిచిపోయింది, ఇప్పుడు కెప్టెన్ అంటోంది, రేపు అదీ మరిచిపోతుంది. ఆ రూం అట్లా కాదు. ఆయన జ్వరంలో పడి ఉంటే గంజి కాచి పోసినవాళ్లు వాళ్లు. వాళ్ల ముందు తలెత్తుకోలేని పని చేశానని ఆయనకు తెలిసిపోయింది.

"వాళ్లన్నరంటె నేను జేసింది తప్పే," అన్నాడు.

మా అక్క కొడుక్కు ఫోన్ చేశాడు. అటునుంచి వాడు ఏదేదో చెబుతున్నాడు, ఈయన "అట్ల కాదు బిడ్డా, అట్ల కాదు" అంటున్నాడు. మా దగ్గర బిడ్డ అంటే కూతురు, బతిమాలేటప్పుడు మాత్రం మగపిల్లల్నీ అంటారు. నాకు ఇక ఓపిక లేకపోయింది. ఫోన్ గుంజుకున్నాను.

"చిన్నమ్మా, మొత్తం సిన్మాల గదొక్కటే హిట్టు. అందరు గా ముక్కనే షేర్ చేస్తున్నరు."

"అందుకే తియ్యుమంటున్న."

"నువ్వే గద గీ సిన్మాలు చెత్త అంటవు?"

"చెత్తనే. నీ కూలరు చెత్త, నీ కరెంటు బుగ్గలు చెత్త, మీ చిన్నాయన నెత్తిమీది క్యాను చెత్త. గవన్ని పెట్టుకో, నా ఇడ్లీ పళ్లాలు గూడ ఉంచుకో. నేను నీ సిన్మాకు ఎదురు రాలేదురా. నా మొగనికి ఎదురచ్చిన. గది నీది కాదు."

వాడు సరే చిన్నమ్మా అన్నాడు. మనసులో ఒప్పుకున్నాడో, నా నోటికి జడిశాడో నాకు అనవసరం. మా అక్కకు చెబుతానని కూడా అన్నాను, బహుశా అదే పనిచేసింది.

వాడు ఆ ముక్క కోసేసి, సినిమాను మళ్లీ పెట్టాడు. ఆదివారం పొద్దున మంచంలో ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఫోన్‌లో చూశాం. సిరిసిల్ల హాలును పక్కన పెడితే, పెళ్లైన కొత్తలో తప్ప మేమిద్దరం కలిసి ఒక సినిమా చివరిదాకా చూసిన గుర్తు నాకు లేదు. నాకు ఎప్పటిలాగే అది అధ్వాన్నంగానే ఉంది. రేకు ముడతలు కనబడుతున్నాయి, కూలరు కాళ్లు కనబడుతున్నాయి, బండ మీద ఎవరో వదిలేసిన మజ్జిగ గ్లాసు కనబడుతోంది. కెప్టెన్ ఓడ ముందుకు వచ్చి నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. ఎవరూ రాలేదు. తిన్నగా ఎక్కి తలుపు వేసుకున్నాడు. పొగ వచ్చింది, బల్బులు వెలిగాయి, ఓడ పోయింది.

మా ఆయన ఫోన్ ఆపేశాడు.

"ఎదురు లేకుంట పోయిండు," అన్నాడు. "ఇగ తిరిగి రాడు."

"అచ్చినవు గద. ఇగో, నా పక్కకే కూసున్నవు," అన్నాను.

ఆయన ఫోన్ వైపు చూపించాడు.

"గాయన సంగతి అంటున్న," అన్నాడు.